నలభై మూడో నంబరు బొమ్మ

పోలినాయుడు కూర్చునే స్టూలుకి నాలుగు కాళ్ళలో ఒకటి పొట్టి. ఈ కథంతా ఆ కాలు కిందే ఉంది.

చంపావతీపురం చిత్రశాలలో రెండో హాలుకి అతను అటెండరు. ఇరవై ఏడేళ్ళుగా అదే హాలు, అదే స్టూలు. మూడు గోడల మీద పాతకాలపు జమీందార్ల నిలువెత్తు బొమ్మలు. పడమటి గోడ మీద మాత్రం ఒక ఏనుగు ఉండేది. ఏటి ఒడ్డున, నీళ్ళలోకి దిగుతున్న ఏనుగు. నలభై మూడో నంబరు. జమీందార్ల మీసాలు చూసి చూసి విసుగెత్తినప్పుడు పోలినాయుడు స్టూలు అటు తిప్పుకుని కాసేపు ఏనుగుని చూసేవాడు.

రెండేళ్ళ కిందట ఆ బొమ్మకి మసి పట్టిందని రాజధాని నుంచి మనుషులొచ్చి, ఫ్రేములోంచి బొమ్మని విప్పి, గుడ్డ చుట్టి తీసుకుపోయారు. వాళ్ళు తెచ్చిన కాగితంలో బొమ్మ అని ఉంది తప్ప ఫ్రేము అని లేదు. అందుకని ఖాళీ ఫ్రేముని మళ్ళీ మేకుకి తగిలించి, దాని కింద ఒక అట్ట అతికించి వెళ్ళారు. వారం తిరక్కుండా అట్ట ఊడి పడింది. పోలినాయుడు దాన్ని తీసి చూశాడు. మంచి మందంగా ఉంది. మడిచి పొట్టికాలు కింద పెట్టాడు. పాతికేళ్ళలో మొదటిసారి స్టూలు కదలకుండా నిలబడింది.

ఇందులో దురుద్దేశం ఏమీ లేదు. బొమ్మ రేపోమాపో వస్తుందనుకున్నాడు. రాలేదు. ఈలోగా అప్పటి డైరెక్టరు రిటైరయ్యాడు, హెడ్డు గుమాస్తా బదిలీ అయ్యాడు, బొమ్మల జాబితా పుస్తకాన్ని చెదలు తిన్నాయి. పైకప్పు మీది తూము మూసుకుపోయి, ఫ్రేము లోపలి సున్నపు గోడకి చెమ్మ పట్టింది. మొదట అరచేయంత. రెండు వానాకాలాలు గడిచేసరికి నల్లగా, పచ్చగా, అక్కడక్కడ ఇటుకరంగులో ఫ్రేము నిండా పరుచుకుంది. దూరం నుంచి చూస్తే ఎవరో కష్టపడి వేసినట్టే ఉంది.

సరిగ్గా అప్పుడు కొత్త డైరెక్టరుగా చిదానందం గారు వచ్చారు.

ఆయన అంతకు ముందు మత్స్యశాఖలో పనిచేశారు. చెరువులో లక్ష చేపపిల్లల్ని వదిలితే ఎన్ని బతికాయో వేళ్ళ మీద చెప్పగల మనిషి. ఆయన చేరిన పదో రోజున పైనుంచి ఒక ఉత్తర్వు దిగింది. అందులో ఇలా ఉంది: ‘చిత్రశాలలను సందర్శించు విద్యార్థులు, కుటుంబములు, వయోజనులు చిత్రముల యెడల సంపూర్ణ అవగాహన పొందిన పిమ్మట మాత్రమే నిష్క్రమించునట్లు తగు చర్యలు తీసుకొనవలెను.’

ఏ ఆఫీసులోనైనా ఇలాంటి వాక్యాన్ని చదివి, ఫైల్లో పెట్టి, టీ తెప్పించుకుంటారు. చిదానందం గారు టీ తెప్పించుకోలేదు. సిబ్బందిని పిలిపించారు.

“ ‘పొందిన పిమ్మట మాత్రమే’ అన్నారు. ఆ ‘మాత్రమే’ని ఎవరైనా గమనించారా?” అన్నారు.

ఎవరూ గమనించలేదు. ఎడ్యుకేషన్ ఆఫీసరు ప్రమీలారాణి లేచి నిలబడింది. ఇరవై ఏళ్ళుగా బడిపిల్లలకి ఈ బొమ్మలు చూపిస్తున్న మనిషి. “అంటే సార్, అవగాహన రాకపోతే?”

“నిష్క్రమణ లేదు.”

“వచ్చిందో రాలేదో ఎలా తెలుస్తుంది సార్?”

“చేప బతికిందో లేదో ఎలా తెలుస్తుందమ్మా? వల వేసి చూస్తాం. ఇక్కడా అంతే. పరీక్ష పెడతాం. ఇరవై బిట్లు. పధ్నాలుగు వస్తే అవగాహన వచ్చినట్టు. రాకపోతే మళ్ళీ చూడాలి, మళ్ళీ రాయాలి.”

“మాకూ పరీక్ష ఉంటాదా బాబూ?” అన్నాడు పోలినాయుడు వెనకనుంచి.

చిదానందం గారు ఉత్తర్వు మరోసారి చదివారు. “విద్యార్థులు, కుటుంబములు, వయోజనులు. సిబ్బంది అని లేదు. సిబ్బందికి అవగాహన అక్కర్లేదు.”

సిబ్బంది ఊపిరి పీల్చుకున్నారు.

ఇక ఏ బొమ్మ మీద పరీక్ష పెట్టాలన్నది తేలాలి. డైరెక్టరు గారు హాళ్ళన్నీ తిరిగారు. జమీందార్ల బొమ్మల ముందు పెదవి విరిచారు. “వీటిలో అవగాహనకి ఏముంది, మీసం తప్ప?” అన్నారు. తర్వాత పడమటి గోడ ముందు ఆగారు. ఆగి, తల ఒక పక్కకి వాల్చారు. మరో పక్కకి వాల్చారు. రెండడుగులు వెనక్కి వేశారు. పోలినాయుడు స్టూలు మీద తేలు కుట్టిన దొంగలా కూర్చుని ఉన్నాడు.

“ఇదీ,” అన్నారు చిదానందం గారు, “కళ అంటే. దీని పేరేమిటమ్మా?”

ప్రమీలారాణి ఆ హాల్లో ఆఖరిసారి అడుగుపెట్టి మూడేళ్ళయింది. మీసాల బొమ్మలు చూసి పిల్లలు నవ్వుతున్నారని, అప్పట్నుంచీ వాళ్ళని బయటి బొమ్మల దగ్గరే ఆపేసేది. ఆ సంగతి ఇప్పుడు ఒప్పుకోవడం ఇష్టం లేక, “జాబితా చెదలు తినేశాయి సార్,” అంది.

“ఏమీ ఫర్వాలేదు. తల్లీ బిడ్డా. స్పష్టంగా కనిపిస్తున్నారు. మీకు కనిపిస్తున్నారా?”

ఆవిడ డైరెక్టరు గారి ముఖం వైపు చూసింది. వెంటనే కనిపించారు.

అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. పోలినాయుడు నోరు తెరిచాడు కూడా. కానీ చెప్పాలంటే అట్ట తీసి చూపించాలి. ప్రభుత్వం వారి అట్టని స్టూలు కింద పెట్టుకుని రెండేళ్ళు కూర్చున్న అటెండరుకి ఏ శిక్ష పడుతుందో రూల్సు పుస్తకంలో లేదు. ఆ పుస్తకంలో అసలేం ఉందో అతనెప్పుడూ తెరిచి చూసిందీ లేదు. నోరు మూసుకున్నాడు. రిటైరవడానికి ఇంకా పధ్నాలుగు నెలలుంది.

*

కార్యక్రమం దసరా సెలవుల తర్వాత మొదలైంది. పొద్దుట బడిపిల్లలు, సాయంత్రం వయోజనులు, ఆదివారం కుటుంబాలు. లోపలికి వచ్చే తలుపు తెరిచే ఉంటుంది. బయటికి వెళ్ళే తలుపు దగ్గర ఒక బల్ల, దాని మీద జవాబుపత్రాలు, పక్కన తాళం.

మొదటి రోజు అరవైమంది పిల్లలు వస్తే పదకొండు మంది బయటపడ్డారు. మిగిలినవాళ్ళ కోసం వచ్చిన హెడ్మాస్టారు కూడా లోపలికి వచ్చారు కాబట్టి ఆయనా రాయాల్సి వచ్చింది. ఆయనకి తొమ్మిది మార్కులు వచ్చాయి. ఐదో తరగతి పిల్ల ఒకతి ఆయనకి కిటికీలోంచి జవాబులు చెప్పబోతే కాపీయింగ్ అని రాసుకున్నారు.

తప్పినవాళ్ళందరినీ ఎక్కడుంచాలన్న ప్రశ్న వచ్చింది. కత్తులూ డాళ్ళూ ఉన్న మూడో హాలుని ‘పునరవగాహన మందిరం’ చేశారు. సాయంత్రం ఐదు గంటలకి చిత్రశాల మూసేస్తారు కనుక, అప్పటికీ గట్టెక్కనివాళ్ళని జామీను మీద వదలాలని నిర్ణయించారు. పాసైన బంధువు ఒకరు సంతకం పెట్టాలి. మర్నాడు పది గంటలకి మనిషిని తెచ్చి అప్పగించాలి. పెళ్ళి ఫొటోల కోసం వచ్చిన ఒక కొత్త జంటలో పెళ్ళికూతురికి పద్ధెనిమిది వచ్చాయి, పెళ్ళికొడుక్కి ఎనిమిది. ఆ అమ్మాయి జామీను సంతకం పెట్టే ముందు చాలాసేపు ఆలోచించిందని చెప్పుకున్నారు.

నాలుగో రోజుకల్లా గేటు ఎదురుగా ‘రసజ్ఞ అకాడమీ’ అని బోర్డు వెలిసింది. నడిపేది కూర్మనాథం మాస్టారు. అంతకు ముందు ఆయన లెక్కలు చెప్పేవారు. బోర్డు మీద ‘బొమ్మ చూడనవసరం లేదు! మొదటి ప్రయత్నంలోనే నిష్క్రమణ!’ అని పెద్దక్షరాలతో రాయించారు. ఆయన శిష్యులు కళ్ళు మూసుకుని రాసి పాసయ్యేవారు. కళ్ళు తెరిచి బొమ్మ చూసినవాళ్ళే తప్పేవారు.

“ ‘తల్లి ముఖంలో కనిపించు భావమేమి?’ అని అడుగుతాడు,” అని చెప్పేవారు మాస్టారు పిల్లలకి. “ఎ వాత్సల్యం, బి విషాదం, సి రెండూ, డి పైవన్నీ. ఏం పెట్టాలి?”

“డి.”

“ఎందుకు?”

“ఎందుకని అడగరు మాస్టారూ.”

“అదీ అవగాహన.”

నవంబరు మొదట్లో తుఫాను వచ్చింది. మూడు రోజులు కుండపోత. నాలుగో రోజు తలుపులు తెరిచి చూసిన ప్రమీలారాణి డైరెక్టరు గారి గదికి పరిగెత్తింది.

“సార్, బిడ్డ పెరిగాడు.”

చిదానందం గారు వెళ్ళి చూశారు. నిజమే. బిడ్డ తల్లికంటే పెద్దవాడయ్యాడు. మీసం కూడా వచ్చింది. ఇద్దరి మధ్యా గట్టులాగా ఒక పచ్చటి చార.

“అమ్మా, మనం మొదట్నుంచీ పొరపాటు పడ్డాం,” అన్నారాయన. “వీళ్ళు తల్లీబిడ్డలు కారు. అన్నదమ్ములు. అది పొలం గట్టు. భూమి తగాదా. గొప్ప చిత్రం ఒక్కసారికి అర్థం కాదు.”

సవరించిన కీ విడుదలైంది. పాత కీతో పాసైనవాళ్ళ సంగతేమిటని అభ్యంతరాలు వచ్చాయి. వాళ్ళందరికీ ఇంప్రూవ్‌మెంట్ పరీక్ష అన్నారు. కూర్మనాథం మాస్టారి గైడు రెండో ముద్రణ మర్నాడు పొద్దుటే వచ్చింది. ఆయన ఎప్పుడూ బొమ్మ వైపు కన్నెత్తి చూడలేదు గానీ, తుఫాను రాత్రే ప్రెస్సుకి ఫోను చేశారట.

ఇదంతా పోలినాయుడు స్టూలు మీద కూర్చునే చూశాడు. రోజుకి మూడు నాలుగు వందల మంది వచ్చి చెమ్మ వైపు భక్తిగా చూసి వెళుతున్నారు. అతనికి ఒక్కోసారి తనకే ఏదో కనిపించడం లేదేమోనని అనుమానం వచ్చేది. తల ఒక పక్కకి వాల్చి చూసేవాడు. ఏనుగు గుర్తొచ్చేది. మళ్ళీ తిన్నగా కూర్చునేవాడు.

*

అసలు ముప్పు సర్క్యులరు రూపంలో వచ్చింది. కుటుంబ కార్యక్రమం లక్ష్యం చేరలేదట. ఆదివారం నాడు సిబ్బంది ఒక్కొక్కరూ తమ ఇంటినుంచి కనీసం ఒకరిని తీసుకురావాలి. ఆ రోజే ఉత్తర్వు రాసిన జాయింట్ కమిషనరు పరాంకుశం గారు స్వయంగా తనిఖీకి వస్తున్నారు.

పోలినాయుడి ఇంట్లో ఇద్దరే. అతనూ, భార్య సన్యాసమ్మా. ముగ్గురు అనాలేమో, నల్లమ్మ అని ఒక గేదె కూడా ఉంది.

“నాను రాను,” అంది సన్యాసమ్మ. “ఇరవై ఏడేళ్ళు రమ్మన్నేదు, ఇప్పుడేటి?”

“ఆర్డరే. ఒక్క గంట. బొమ్మ సూసి, అన్నింటికీ డి అని సెప్పేసి వొచ్చీ.”

“సూడకుండా ఎలా సెప్తాను?”

“సూస్తే సెప్పలేవు. అందుకే సెప్తన్నాను.”

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకి సన్యాసమ్మ ఉతికిన చీర కట్టుకుని, గొడుగు పట్టుకుని వచ్చింది. చదువుకోలేదు కాబట్టి ఆవిడకి నోటి పరీక్ష. ప్రమీలారాణి ఫ్రేము ముందు కుర్చీ వేయించింది. పోలినాయుడు మూడు గజాల దూరంలో స్టూలు మీద బిగుసుకుని కూర్చున్నాడు.

“అమ్మా, మొదటి ప్రశ్న. ఎడమవైపున్న అన్నగారి ముఖంలో ఏ భావం కనిపిస్తోంది?”

“ఏ అన్నగారు తల్లీ?”

“ఇదిగో, ఈ నల్లటి ఆకారం.”

సన్యాసమ్మ దగ్గరికి వెళ్ళి చూసింది. వేలితో మెల్లగా తట్టింది. వాసన చూసింది. “బొమ్మ నేదు, ఇది సెమ్మమ్మా,” అంది. “నల్లగున్నది పాత సెమ్మ. పచ్చగున్నది మొన్న తుఫానుది. పైన తూము కాడ ఆకులు అడ్డడిపోనాయి. మా ఇంటి పడమటి గోడకీ ఇలాగే అయినాది.”

“ఆప్షన్లలో చెమ్మ లేదమ్మా.”

“నేకపోతే పెట్టండి.”

ఇరవై ప్రశ్నలకీ ఆవిడ జవాబు అదే. సున్నా వచ్చింది. చిత్రశాల చరిత్రలో అంతవరకూ సున్నా ఎవరికీ రాలేదు. కళ్ళు మూసుకుని గుడ్డిగా పెట్టినా ఐదైనా వస్తాయి. విషయం డైరెక్టరు గారి దాకా వెళ్ళింది.

“పూర్తి అవగాహనారాహిత్యం,” అన్నారాయన. “మూడో హాలుకి పంపండి. గంటకోసారి పరీక్ష పెట్టండి.”

“సాయంత్రానికి జామీను ఇప్పించండి బాబూ,” అన్నాడు పోలినాయుడు.

“సిబ్బంది కుటుంబాలకి జామీను లేదు. కీ బయటికి పోతుంది. పాసైతే ఇంటికి, లేకపోతే సోమవారం దాకా ఇక్కడే.”

ఇక్కడ నల్లమ్మ సంగతి కొంచెం చెప్పాలి. దానికి పొద్దుటా సాయంత్రం ఐదింటికి పాలు పితకాలి. సన్యాసమ్మ చెయ్యి తప్ప మరో చెయ్యి తగిలితే తన్నుతుంది. పోలినాయుడికి కుడి మోకాలి మీద ఉన్న మచ్చ అదే. పితికేవేళ దగ్గరపడినా ఆవిడ కనబడకపోతే తాడు తెంపుకుంటుంది. రెండు పూటలు పితక్కపోతే పొదుగు వాచి, ఇక ఎందుకూ పనికిరాదు.

మధ్యాహ్నం మూడు దాటింది. సన్యాసమ్మ మూడోసారి కూడా సున్నాతో మూడో హాల్లోకి వచ్చింది. ఒక పెద్ద డాలు కింద చాప మీద కూర్చుంది. ఆవిడ పక్కన అదే హెడ్మాస్టారు, పదిహేడో ప్రయత్నానికి గైడు చదువుకుంటున్నారు. పోలినాయుడు వచ్చి, చుట్టూ చూసి, భార్య చెవిలో అసలు సంగతి చెప్పేశాడు. బొమ్మా, ఏనుగూ, అట్టా, స్టూలూ.

సన్యాసమ్మ మొగుడి వైపు తిరిగింది. “అంటే ఇన్నాళ్ళూ నివ్వు కూకున్నది దాని మీదా?”

“బయటపడితే నా ఉజ్జోగం పోద్దే. ఇంకా పన్నెండు నెల్లే. ఒక్కపాలికి ‘అన్నదమ్ములు’ అను.”

“అబద్దం ఆడమంటావు.”

“నల్లమ్మ కోసం.”

ఆ మాటకి ఆవిడ మెత్తబడింది. “సరే, పద,” అంది.

నాలుగు గంటల పరీక్షలో ఫ్రేము ముందు నిలబడి, కళ్ళు నేలకేసి, “అన్నదమ్ములు,” అంది. ప్రమీలారాణి ముఖం విప్పారింది. మార్కు వేసింది. రెండో ప్రశ్నకీ “అన్నదమ్ములే,” అంది. ఇంకో మార్కు. మూడో ప్రశ్న అడిగేలోగా ఆవిడ కళ్ళు పొరపాటున గోడ మీద పడ్డాయి.

“అమ్మా, నానొక మాట సెప్తాను,” అంది. “ఆ తూము బేగి తీయించండి. అన్నదమ్ముల మాట దేవుడెరుగు, గోడ కూలిపోద్ది.”

ఆ గంట కూడా పోయింది.

*

పరాంకుశం గారు అప్పటికే వచ్చి ఉన్నారు. చిత్రశాల అంతా తిరిగి, సంతృప్తి వెలిబుచ్చి, నాలుగున్నరకి బయలుదేరారు. ఐదూ నలభైకి ఆయన రైలు. బయటి తలుపు దగ్గర చిదానందం గారు వినయంగా అడ్డు నిలబడ్డారు.

“సార్, జవాబుపత్రం.”

“నాకా?”

“ ‘వయోజనులు’ అని తమరే రాశారు సార్.”

పరాంకుశం గారు తన వాక్యాన్ని మొదటిసారి లోపలినుంచి చూశారు. పెన్ను తీశారు. ఆయన ఎన్నో పరీక్షలు పాసై ఆ స్థాయికి వచ్చిన మనిషి, కనుక అనుమానం ఉన్నచోటల్లా డి పెట్టారు. పత్రం దిద్దితే పదమూడు వచ్చాయి.

“ఒక్క మార్కు,” అన్నారు పరాంకుశం గారు.

“ఒక్క మార్కు సార్,” అన్నారు చిదానందం గారు బాధగా. “ఇరవయ్యో ప్రశ్న అందరికీ పోతోంది సార్. ‘ఈ చిత్రము పేరేమి?’ దానికి ఆప్షన్లు లేవు, కీలోనూ ఖాళీయే. జాబితాని చెదలు తిన్నాయి. తర్వాతి పరీక్ష ఐదింటికి.”

“నా రైలు?”

“ఉత్తర్వులో రైలు ప్రస్తావన లేదు సార్.”

అదే సమయానికి గేటు బయటినుంచి కేక వినిపించింది. పోలినాయుడి పక్కింటాయన. గేదె తాడు తెంపుకుందనీ, పట్టుకోబోయిన తన బావమరిదిని తన్నిందనీ, ఇప్పుడు కూర్మనాథం మాస్టారి అకాడమీ అరుగెక్కి నిలబడిందనీ సమాచారం.

“పిల్లలు పరీక్ష రాస్తన్నారు, దిగమంటే దిగడం లేదు,” అన్నాడాయన ఊచల్లోంచి. “వొదిన్ని పంపు నాయుడూ.”

సన్యాసమ్మ మూడో హాలు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మొగుడి వైపు చూసింది, అంతే.

పోలినాయుడు లేచాడు. వంగి, పొట్టికాలు కిందినుంచి అట్ట లాగాడు. స్టూలు ఒక పక్కకి ఒరిగింది. అట్ట దులిపి, మడత విప్పి, రెండు చేతులతో పట్టుకుని ఇద్దరు అధికారుల ముందుకి వెళ్ళాడు.

“బాబూ, తప్పు నాది,” అన్నాడు. “అక్కడ బొమ్మ నేదు. రెండేళ్ళ కిందట కడగడానికి పట్టుకుపోనారు. ఇది దాని అట్ట. ఊడిపోతే స్టూలు కింద నానే ఎట్టీసినాను. మా ఆడది సెప్పిందే నిజం. అది సెమ్మ. దాన్ని ఇంటికి పంపీండి, నన్నేం చేసినా చేయండి.”

ప్రమీలారాణి గోడకి చేరగిలబడింది. చిదానందం గారి ముఖం ఎండిపోయిన చెరువులా అయింది. అప్పటికి ఎనిమిది వేల మందికి అవగాహన పత్రాలిచ్చారాయన.

“పోలినాయుడూ,” అన్నారు. “నిన్ను ఈ క్షణం—”

పరాంకుశం గారు చెయ్యెత్తి ఆపారు. ఆయన చూపు గడియారం మీదినుంచి అట్ట మీదికి వచ్చింది. అట్ట తీసుకుని పైకి చదివారు.

“ ‘శుభ్రపరచుటకు పంపబడినది.’ ”

మరోసారి చదివారు, ఈసారి నెమ్మదిగా. తర్వాత వెళ్ళి పడమటి గోడ ముందు నిలబడ్డారు. అట్టని ఫ్రేము కింద ఆనించి పట్టుకుని, తల ఒక పక్కకి వాల్చారు.

“చిదానందం గారూ,” అన్నారు. “ఇది ఈ చిత్రం పేరు.”

“సార్?”

“ఎంత ఆలోచించి పెట్టాడో చూడండి. శుభ్రపరచుటకు పంపబడినది. ఏది? మనసు. ఎవరు పంపారు? చెప్పడు. ఎక్కడికి? చెప్పడు. చిత్రం ఎదురుగా ఉంది, పేరు మాత్రం లేదంటోంది. ఇంత లోతైన శీర్షిక నేను సర్వీసులో చూడలేదు.”

చేప ఎటు ఈదుతోందో చిదానందం గారికి చప్పున తెలుస్తుంది. “నాకు మొదట్నుంచీ అనుమానంగానే ఉంది సార్,” అన్నారు.

“ఇరవయ్యో ప్రశ్నకి నేనేమీ రాయకుండా వదిలేశాను,” అన్నారు పరాంకుశం గారు. “లేదు అన్నది శీర్షిక అయినప్పుడు, లేకపోవడమే జవాబు. దిద్దండి.”

దిద్దారు. పధ్నాలుగు.

“బాబూ,” అన్నాడు పోలినాయుడు. “మరి మా ఆడది?”

పరాంకుశం గారు సన్యాసమ్మ జవాబుపత్రాలు తెప్పించి చూశారు. నాలుగుసార్లు రాసిన పరీక్ష. ఆ ఆఖరి దాంట్లోని రెండు ‘అన్నదమ్ములు’ తప్ప, ప్రతి ప్రశ్నకీ ‘బొమ్మ లేదు, చెమ్మ’ అని ప్రమీలారాణి చేతిరాతతో నమోదై ఉంది.

“ఈవిడ ఎవరు?” అన్నారు.

“నల్లమ్మ కోసం ఎల్లాల బాబూ,” అంది సన్యాసమ్మ.

“వినండి చిదానందం గారూ. మనం తల్లీబిడ్డలనీ, అన్నదమ్ములనీ కొట్టుకుంటున్నాం. ఈవిడ ఒక్కతే మొదటి చూపులోనే లేమిని పట్టుకుంది. మొదటి పత్రంలో ఇరవైకి ఇరవై.”

“మరి పాత కీలు సార్?”

“అవీ చెల్లుతాయి. పాసైనవాళ్ళ అవగాహనకి భంగం కలగకూడదు.”

నాలుగూ యాభైకి తాళం తీశారు. జాయింట్ కమిషనరు గారు స్టేషను వైపు, సన్యాసమ్మ గేదె వైపు దాదాపు ఒకే వేగంతో వెళ్ళారు. ఆవిడ వెనకాల ప్రమీలారాణి అవగాహన పత్రం పట్టుకుని గేటు దాకా పరిగెత్తింది గానీ అందలేదు. ఐదు కొట్టేసరికి నల్లమ్మ అకాడమీ అరుగు మీదే నిలబడి, నెమరేస్తూ, కూర్మనాథం మాస్టారి ప్లాస్టిక్ బకెట్లోకి పాలిచ్చింది.

మర్నాటినుంచి అట్ట గోడ మీద, అద్దం వెనకాల ఉంది. మాస్టారి గైడు మూడో ముద్రణలో దాని మీదే పన్నెండు పేజీలు. పోలినాయుడి మీద చర్య ఏదీ తీసుకోలేదు. శీర్షికని రెండేళ్ళపాటు భద్రపరిచినందుకు మెచ్చుకుంటూ కాగితమిచ్చారు. ఎండాకాలంలో చిత్రం వెలిసిపోయే ప్రమాదం ఉంది కాబట్టి రోజుకి రెండుసార్లు గోడ మీద నీళ్ళు చిలకరించే బాధ్యత కూడా అప్పగించారు. తూము తీయించకూడదని వేరే సర్క్యులరు.

స్టూలు మాత్రం మళ్ళీ ఊగుతోంది.

*

మూడు వారాల తర్వాత రాజధాని నుంచి ఒక చెక్కపెట్టె వచ్చింది. పోలినాయుడు మేకులు పీకి మూత ఎత్తాడు. గుడ్డ విప్పగానే ఏనుగు కనిపించింది. మసి పోయింది. ఏటి నీళ్ళు ఇప్పుడు ఆకుపచ్చగా ఉన్నాయి. ఏనుగు వెనక, ఇరవై ఏడేళ్ళలో అతనెప్పుడూ చూడని చిన్న పిల్ల ఏనుగు కూడా ఉంది. దానితోపాటు ఒక ఉత్తరం: ‘43వ నంబరు చిత్రము శుభ్రపరచి తిరిగి పంపడమైనది. అందినట్లు తెలుపగలరు.’

డైరెక్టరు గారికి చూపించాడు.

“నలభై మూడు గోడ మీదే ఉంది కదా,” అన్నారు చిదానందం గారు. “ఒక నంబరుకి రెండు చిత్రాలుండవు. ఇది ఎవరిదో. స్టోరులో పెట్టు.”

“తిరిగి పంపీమంటారా బాబూ?”

ఆయన ఆలోచించారు. “దీని మీద కీ లేదు. కీ లేనిది బయటికి వెళ్ళడానికి వీల్లేదు.”

స్టోరు గదికి కిటికీ ఒకటుంది. మధ్యాహ్నం పూట ఎండ సరిగ్గా పెట్టె మీద పడుతుంది. ఆ బుధవారం అన్నం క్యారేజీ తెచ్చిన సన్యాసమ్మని పోలినాయుడు పక్క తలుపులోంచి అక్కడికి తీసుకెళ్ళాడు. ఆవిడ పెట్టె ముందు కింద కూర్చుంది.

“దీనికేటి ప్రశ్నలు?” అంది అనుమానంగా.

“నేవు.”

“ఒక్కటీ?”

“ఒక్కటీ నేదు. ఊరికే సూడు.”

ఆవిడ చూసింది. క్యారేజీలో అన్నం చల్లారిపోయింది. చాలాసేపటికి, “మన నల్లమ్మా నీళ్ళలోకి ఇలాగే దిగుద్ది. ముందు కుడికాలు,” అంది. తర్వాత ఇంకాసేపు చూసింది.

పోలినాయుడు రెండో హాలుకి తిరిగి వచ్చాడు. చెమ్మ ముందు ముప్ఫై మంది వయోజనులు తలలు ఒక పక్కకి వాల్చి నిలబడి ఉన్నారు. అతను జేబులోంచి ఉత్తరం తీశాడు. మంచి కాగితం, మందంగా ఉంది. నాలుగు మడతలు పెట్టి, పొట్టికాలు కిందికి తోసి, కూర్చున్నాడు.

స్టూలు కదల్లేదు.